పప్పూ వాళ్ల దీవికి

పిరయస్ రేవులో మేం మొదట ఎక్కబోయిన ఓడ మాది కాదు. అది క్రీట్ దీవికి వెళ్లేది. దాని వెనక భాగం తలుపులా తెరుచుకుని ఉంది, ఆ నోట్లోకి లారీలు వరసగా వెళ్తున్నాయి. వాటి పక్కనుంచి మేం ముగ్గురం పెట్టెలు లాక్కుంటూ ఎక్కబోతుంటే, తెల్లచొక్కా మనిషి ఒకాయన చెయ్యి అడ్డంపెట్టి, మా ఆయన ఫోన్‌లో టికెట్ చూసి, గడ్డం పైకెగరేసి ‘చ్’ అన్నాడు. గ్రీసులో ‘కాదు’ అనడానికి అలా చేస్తారని మాకు ముందే తెలుసు. మా పాత పక్కింటి పప్పూ ఏళ్ల తరబడి మాకు అలాగే ‘కాదు’ చెప్పాడు మరి.

ఆ తెల్లచొక్కా ఆయన రేవుకి ఆ చివరన, ఎండలో మసకగా కనిపిస్తున్న ఇంకో ఓడను చూపించాడు.

“ఏందీ, గా చివరనా?” అన్నారు మా ఆయన. “టాక్సీ ఆయనకి నాక్సోస్ అని చెప్పిన. రెండుసార్లు చెప్పిన.”

“ఇప్పుడవన్నీ ఎందుకండీ? నడవండి ముందు.”

మా అమ్మాయికి అప్పుడు పదకొండేళ్లు. కాలిఫోర్నియాలో పుట్టిన పిల్ల. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ, మనిషికైనా మేకకైనా ఒకటే క్రియ వాడుతుంది. “అమ్మా, షిప్ మనకోసం వెయిట్ చేస్తుందా? కెప్టెన్‌కి కాల్ చేసి చెప్పొచ్చా, అది వెయిట్ చేస్తుందా?” అని పరిగెడుతూనే అడిగింది. కెప్టెన్‌కి ఎవరూ కాల్ చేయక్కర్లేకపోయింది. రేవు లోపల తిరిగే ఒక బస్సు దేవుడు పంపినట్టు వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. మా ఓడ కింది అంతస్తులో, దీవుల పేర్లు రాసున్న అరల్లో పెట్టెలు పడేసి, మెట్లెక్కి పైకి చేరి, బల్లల మీద కూలబడ్డామో లేదో, ఏథెన్స్ ఊరు మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

ఆ దీవికి మేం విహారానికి బయల్దేరలేదు. అక్కడ మాకు మనుషులున్నారు.

అమెరికాలో మేం మొదట కాపురం పెట్టింది కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో. ఊరికి పడమటి వైపు, కొండల కింద, పాతకాలపు ఒంటి అంతస్తు ఇళ్లున్న వీధి అది. మా ఆయన తెల్లారగానే ట్రైన్ పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయేవారు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. కారు నడపడం రాదు. కాకినాడలో ఇంటినిండా జనం మధ్య పెరిగినదాన్ని, ఆ వీధిలో మధ్యాహ్నం పూట గడ్డికి నీళ్లు చిమ్మే గొట్టాల చప్పుడు వింటూ కూచునేదాన్ని.

ఒకరోజు పొడి కొట్టుకుందామని ఎండుమిరపకాయలు వేయించబోయాను. ఇంట్లో వేయిస్తే పొగ అలారం మోగుతుంది. అందుకని చిన్న పొయ్యి పెరట్లో పెట్టుకున్నాను. కాసేపటికి చెక్క దడికి అవతల ఎవరో తుమ్మడం మొదలుపెట్టారు. తుమ్ము మీద తుమ్ము. తరవాత ఒక పెద్దాయన తల దడి మీదుగా పైకి లేచింది. కళ్లనిండా నీళ్లు.

“అమ్మాయ్, వంట చేస్తున్నావా, యుద్ధం చేస్తున్నావా?” అన్నాడు. ఆయన అన్నది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం ఆయన మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి.

భయంతో పొయ్యి కట్టేశాను. మర్నాడు ఆయన భార్య ఒక పళ్లెంలో పాలకూర పెట్టి కాల్చిన రొట్టె పట్టుకొచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, నేను అందులో పులిహోర పెట్టి పంపాను. వాళ్లకీ అదే పద్ధతట, ఖాళీ పళ్లెం వెనక్కి పంపరట. ఇంకేముంది, రెండిళ్ల మధ్య పళ్లేలు తిరుగుతూనే ఉన్నాయి. వాళ్లకి పిల్లలు లేరు. ఆయనకి హేవార్డ్‌లో చిన్న డైనర్ ఉండేది, మన టిఫిన్ హోటల్ లాంటిది. తెల్లవారుజామున తెరిచి మధ్యాహ్నానికి కట్టేసేవాడు. ఆవిడ ఇంట్లోనే ఉండేది. ఇంగ్లీషు సరిగా రాదు. మాట్లాడాల్సి వస్తే చేతులతో మాట్లాడేది.

మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. పిల్లకి నీళ్లు పోయడం నాకు చేతకాదు. అమ్మ ఫోన్‌లో చెప్తుంటే, నేను ఇంగ్లీషులోకి మారిస్తే, పక్కింటావిడ స్నానాలగదిలో కాళ్లు చాపుకుని కూచుని, పిల్లని కాళ్లమీద బోర్లా వేసుకుని, నూనె రాసి నీళ్లు పోసింది. “నడుం మీద కాస్త గట్టిగా రుద్దమను,” అనేది అమ్మ. నేను చెప్పేలోపే ఆవిడ రుద్దేసేది. రెండోవారం వచ్చేసరికి నేను మధ్యలో అక్కర్లేకపోయాను.

గ్రీకులో నాయనమ్మని యాయా అంటారు. తాతని పప్పూ అంటారు. మా పిల్లకి మాటలు రాగానే వాళ్లనలాగే పిలవడం నేర్పారు. దాంతో మా ఇంట్లో నవ్వులే నవ్వులు. బెల్లు మోగితే మా ఆయన, “పప్పు వచ్చిండు, అన్నం వడ్డించు,” అనేవారు. పాప కంచంలో పప్పన్నం చూసి, దడి వైపు చూసి, అయోమయంగా ఏడ్చేది. ఈ సంగతి చెబితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటినుంచి ఆయన మా అందరికీ పప్పూయే.

పప్పూ నోటెంట ఎప్పుడూ ఒకటే మాట, “మా దీవిలో.” మా దీవిలో బంగాళాదుంప తియ్యగా ఉంటుంది. మా దీవిలో టమాటా వాసన పక్క వీధికి వస్తుంది. మా దీవిలో గాలి వీస్తే కుర్చీలు పరిగెడతాయి. యాయా ఏమీ అనేది కాదు. కిటికీ దగ్గర కూచుని చిక్కుడుకాయలు వలుస్తూ వినేది. ఒక్కోసారి లేచి లోపలికి వెళ్లిపోయేది.

పాప రెండో క్లాసులో ఉండగా వాళ్లు ఇల్లు అమ్మేసి దీవికి వెళ్లిపోయారు. ఆ తరవాతి ఏడాది మేం పక్క ఊరు శాన్ రామన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. పెద్ద ఇల్లు. అప్పటికి నాకూ ఉద్యోగం వచ్చింది, కారూ వచ్చింది. మా వీధిలో అందరూ మంచివాళ్లే. సాయంత్రం గ్యారేజీ తలుపులు పైకి లేస్తాయి, కార్లు లోపలికి వెళ్తాయి, తలుపులు దిగిపోతాయి.

పప్పూ వారానికోసారి ఫోన్ చేసేవాడు. ప్రతిసారీ చివరికి, “ఎప్పుడొస్తున్నారు?” అనేవాడు. నాలుగు వేసవులు “వస్తాం, వస్తాం,” అన్నాం. అయిదో వేసవిలో నిజంగానే టికెట్లు కొన్నాం.

ఓడ రేవు దాటగానే గాలి మొదలైంది. ఎండాకాలంలో అక్కడ ఉత్తరంనుంచి ఒక గాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు, సముద్రం మాత్రం నురగలు కక్కుతుంది. మా ఆయనది కరీంనగర్. మానేరు డ్యామ్ కన్నా పెద్ద నీళ్లు చూడకుండా పెరిగిన మనిషి. ఓడ ఒకసారి పక్కకి ఒరిగి లేచేసరికి ఆయన మొహం పాలిపోయింది.

“ఇది గిట్లనే ఉంటదా, చివరిదాకా?”

“కూచోండి. నీళ్లవైపు కాదు, దూరంగా కనిపించే గీతని చూడండి,” అన్నాను. మా ఊళ్లో పడవలవాళ్లు చెప్పే మాట అది.

ఎదుటి బల్ల మీద నల్లబట్టల ముసలావిడ ఒకావిడ మా ఆయనని కాసేపు గమనించి, సంచిలోంచి నిమ్మకాయ తీసి, గోటితో గిల్లి, ఆయన ముక్కు దగ్గర పెట్టింది. వద్దంటే వినదు. తరవాత గట్టి రొట్టెముక్క ఒకటి చేతిలో పెట్టి, నమలమని తన దవడ చూపించింది. ఆయన బుద్ధిగా నమిలారు. మా అమ్మాయికి ఆ దృశ్యం తెగ నచ్చింది. “నాన్నా, ఆ అమ్మమ్మ నిన్ను బేబీ లాగా ఫీడ్ చేస్తుంది,” అని ఫొటోలు తీసింది.

దారిలో రెండు దీవుల దగ్గర ఆగింది ఓడ. ఆగిన ప్రతిసారీ మా ఆయన ఆశగా లేచి, “ఇదేనా?” అనేవారు. “ఇది కాదండీ,” అంటే మళ్లీ కూచునేవారు. నేను కటకటాల దగ్గర నిలబడి చూసేదాన్ని. దిగినవాళ్లకోసం గట్టున ఎవరో ఒకరు ఉండేవారు. ముద్దులు, అరుపులు, మోటారుసైకిళ్లు, సంచులు. కొద్ది నిమిషాల్లో అంతా ఖాళీ. ఆ గట్టు చిన్నదైపోతుంటే నాకు ఎందుకో డబ్లిన్‌లో వాళ్లు ఇల్లు ఖాళీ చేసిన పొద్దుటిపూట గుర్తొచ్చింది. యాయా ఆ రోజు ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. పప్పూ మాత్రం కారెక్కాక కూడా దిగి వచ్చి, గడ్డికి నీళ్లు కట్టేశానా లేదా అని చూసి వెళ్లాడు.

నాక్సోస్ వస్తోందని మైకులో చెప్పగానే అందరం కిందికి దిగాం. లారీల మధ్య, పెట్రోలు వాసనలో, చీకట్లో నిలబడ్డాం. గొలుసులు పెద్దగా చప్పుడు చేశాయి. ఎదుటి ఇనుపగోడ మెల్లగా బయటికి వంగింది. ముందు పైన ఆకాశం కనిపించింది, తరవాత కొండ, తరవాత తెల్లటి ఇళ్లు, ఆఖరికి మనుషులు. ఆ మనుషుల ముందు, బేస్‌బాల్ టోపీ పెట్టుకుని, ఎయిర్‌పోర్ట్ డ్రైవర్ల మాదిరి అట్టముక్క మీద మా అమ్మాయి పేరు పెద్దక్షరాలతో రాసి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని పప్పూ.

మా అమ్మాయి పెట్టె నా కాళ్ల మీద వదిలేసి పరిగెత్తింది.

పక్కనున్నవాళ్లు ఎవరో నవ్వుతూ, “అమెరికానో!” అని కేకేశారు. నేను అది మమ్మల్ని అనుకున్నాను. పప్పూ చెయ్యి ఊపాడు. ఆ ఊళ్లో ఆయన పేరే అది, అమెరికావాడు.

వాళ్ల ఊరు సముద్రం ఒడ్డున లేదు, కొండమీద ఉంది. పాత పికప్‌లో ముందు ముగ్గురం ఇరుక్కుని, మా ఆయన వెనక పెట్టెల మధ్య కూచుని బయల్దేరాం. రేవు పక్కనే రాళ్లమీద పాలరాతి గుమ్మం ఒకటి ఆకాశంలోకి నిలబడి ఉంది. ఎప్పటిదో గుడిదట, గుడి పోయి గుమ్మం మిగిలింది. “పప్పూ, అటు చూడండి, ఎంత బాగుందో!” అన్నాను. ఆయన అటు చూడలేదు.

“మన డబ్లిన్ పక్క 580 ఫ్రీవే మీద ఆ లేన్ల పని అయిపోయిందా?” అన్నాడు.

“అయిపోయింది.”

“సాయంత్రం ఇంకా జామ్ అవుతోందా?”

“అవుతోంది.”

తృప్తిగా తలూపాడు. మలుపు మలుపుకీ, ఎవరూ లేకపోయినా, ఇండికేటర్ వేస్తూ నడిపాడు.

ఇంటి ముందు యాయా నిలబడి ఉంది. నేను పోల్చుకోలేకపోయాను. డబ్లిన్‌లో ఆవిడ వంగి నడిచేది. ఇక్కడ నిటారుగా ఉంది. అక్కడ నోట్లోంచి మాట రావడమే కష్టం. ఇక్కడ మాట ఆగడం కష్టం. అక్కచెల్లెళ్లు ఇద్దరు అటూ ఇటూ నిలబడితే, నా బుగ్గలు గిల్లుతూ, పాప జడ సవరిస్తూ, మా ఆయన పాలిపోయిన మొహం చూసి ఎవరినో పురమాయిస్తూ, గ్రీకులో గలగలా మాట్లాడేస్తోంది. మాకు అర్థం కావడం లేదని ఆవిడకి పట్టనే లేదు. మాకూ పట్టలేదు.

పెట్టె విప్పాం. పప్పూ ఫోన్‌లో అడిగినవన్నీ తెచ్చాం. పెద్ద సీసా పీనట్ బటర్, పాన్‌కేకుల మీద పోసుకునే పాకం, కాఫీ వడపోసే కాగితాలు, లాగితే మూతి బిగిసే చెత్త సంచులు.

“చెత్త సంచుల కోసం ఎక్స్‌ట్రా బ్యాగేజ్ తీస్కొచ్చిన మొదటి తెలుగోడిని నేనే కావచ్చు,” అన్నారు మా ఆయన.

యాయా వాటిని చూసి గడ్డం పైకెగరేసింది. పప్పూ ఆ సంచుల చుట్టని చేతిలోకి తీసుకుని, ఒక సంచి విప్పి, తాడు లాగి, మళ్లీ వదులు చేసి, మళ్లీ లాగాడు.

సాయంత్రాలు పప్పూతో పాటు కాఫీకొట్టుకి వెళ్లేవాళ్లం. ముసలాళ్లు నలుగురైదుగురు పేకముక్కలు పట్టుకుని కూచునేవారు. పప్పూ వాళ్లకి ఏదో చెప్తుండేవాడు. భాష రాకపోయినా మధ్యమధ్య మాటలు తెలిసేవి: ఫ్రీవే, హేవార్డ్, పార్సిల్‌ని అమెరికాలో అనే ‘టు గో’. ముసలాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని మీసాల్లో నవ్వుకునేవారు. ఒకాయన ‘టు గో, టు గో’ అని కాఫీకప్పు పట్టుకుని నాలుగడుగులు నడిచి వచ్చాడు, వెక్కిరింతగా. అందరూ నవ్వారు. పప్పూ కూడా నవ్వాడు గానీ, ఆ తరవాత ఎక్కువసేపు కూచోలేదు.

ఇంటికి నడుస్తూ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. “అమ్మా, మన హౌస్ పక్కన ఉన్నప్పుడు పప్పూ ఎప్పుడూ ఇక్కడ గురించి చెప్పేది. ఇప్పుడు ఎప్పుడూ అక్కడ గురించి చెప్తుంది. ఎందుకు?”

“నిద్రపోయే ముందు చెప్తాలే,” అన్నాను. అదృష్టం, దానికి త్వరగా నిద్రపట్టింది.

మర్నాడు తెల్లారుతుండగా వెన్న కాగిన వాసనకి మెలకువొచ్చింది. వంటింట్లోకి వెళ్తే పప్పూ. నడుముకి తెల్లటి ఏప్రన్, భుజం మీద తువ్వాలు, పెనం ముందు నిలబడి ఉన్నాడు. తురిమిన బంగాళాదుంప ఒక పక్క ఎర్రగా వేగుతోంది.

“కూచో,” అన్నాడు. “గుడ్లు ఎలా వేయమంటావు?”

“మీకు తెలుసు కదా.”

“తెలుసు. అయినా అడగాలి. అడక్కుండా వేస్తే అది ఇల్లు. అడిగి వేస్తే హోటల్.”

రెండువైపులా కాల్చమని చెప్పాను. ఆయన గుడ్డుని ఒంటిచేత్తో కొట్టి, పెనం ఎగరేసి తిప్పి, పళ్లెంలో జార్చి నా ముందు పెట్టాడు. తను తినలేదు. నేను తినడం చూస్తూ ఎదురుగా కూచున్నాడు.

“జీవితమంతా పెనం ముందే నిలబడ్డానమ్మా. ఎప్పుడు వదిలించుకుని ఈ కొండెక్కుతానా అనుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఇక్కడ పొద్దున్నే ఎవరూ ఏమీ తినరు. ఒక కాఫీ, ఒక సిగరెట్టు. అంతే, మధ్యాహ్నం దాకా. యాయా కూడా తినదు. నాకేమో ఇంకా చీకటుండగానే మెలకువొస్తుంది. లేచి ఎవరికి వండను?”

పళ్లెం పక్కకి జరిపి, “నాకూ బెంగగానే ఉంటుంది, పప్పూ,” అన్నాను.

“మీ ఊరి మీదా?”

“కాదు. మన వీధి మీద.”

ఆయన నావైపు అదోలా చూశాడు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాటని నేనెలా విన్నానా అన్నట్టు. తరవాత కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మొదలైంది. మూలింట్లో శనివారం శనివారం కారు కడిగేవాడు, కడిగిన కారుని ఎక్కడికీ తీసుకెళ్లడు, వాడున్నాడా? ఎదురింటి కుక్క, పోస్టావిడ చెప్పులు ఎత్తుకుపోయేది? చలికాలంలో కూడా నిక్కరే వేసుకునే ఆ పోస్టావిడ? నేను చెప్పాను, ఆయన అందించాడు. ఆయన మర్చిపోయినవి నాకు గుర్తున్నాయి. నాకు తెలియనివి ఆయన చెప్పాడు. మేం అద్దెకున్న ఇంట్లో మాకు ముందు ఒక ట్రంపెట్ వాయించేవాడు ఉండేవాడట, నేను మిరపకాయలు వేయించిన రోజున వాడే నయమనుకున్నాడట. వానలు పడ్డాక కొండలు పచ్చబడటం, మే నెల రాగానే మళ్లీ సింహం రంగులోకి తిరిగిపోవడం. వంటింటి బల్లమీద వేళ్లతో గీస్తూ వీధికి అటు వరస, ఇటు వరస అన్ని ఇళ్లూ తిరిగొచ్చాం.

చూస్తే గుమ్మంలో యాయా నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో తెలియదు. ఆవిడ నాతో ఇంగ్లీషులో వరసగా అన్ని మాటలు అనడం అదే మొదటిసారి.

“ఆ వీధి,” అంది. “ఆ వీధిలో కిటికీ దగ్గర కూచుని నేను నలభై ఏళ్లు ఏడ్చాను. ఇప్పుడు ఈ ఇంట్లో కూచుని, మీరిద్దరూ ఆ వీధి కోసం ఏడుస్తున్నారా?”

పప్పూ తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. నవ్వి వచ్చి, నా పళ్లెంలోంచి వేగిన దుంప ఇంత తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. “ఉప్పు ఎక్కువ,” అంది. కానీ కూచుంది. ఇంకాస్త తుంచింది.

ఆ తరవాతి ఆలోచన మా అమ్మాయిది. “పప్పూ, ఇక్కడ డైనర్ పెట్టొచ్చు కదా? జస్ట్ వన్ డే?” అంది. ఆయన గడ్డం పైకెగరేశాడు. యాయా వెళ్లి అక్కచెల్లెళ్లకి చెప్పేసింది. ఇక ఆ ఊళ్లో దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆదివారం చర్చి అయ్యేసరికి ఇంటిముందు సందులో బల్లలు వేశాం. పప్పూ పెనం ముందు. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని సర్వరు. నేనేమో అక్కడి గోధుమరవ్వతో ఉప్మా చేశాను. కరివేపాకు లేదు, అల్లం లేదు, అయినా ఉప్మాయే. ముందు ఎవరూ రాలేదు. పప్పూ పెనం మీద వెన్న నల్లబడుతుంటే తీసి పారేసి మళ్లీ వేశాడు. తరవాత చర్చి పూజారి, పొడుగాటి నల్ల అంగీతో వచ్చి, దర్జాగా కూచున్నాడు. ఆయన కూచున్నాక అందరూ కూచున్నారు. ‘టు గో’ అని వెక్కిరించిన మనిషి కూడా వచ్చాడు.

“గుడ్లు ఎట్ల కావాలె?” అని మా ఆయన తెలుగులోనే అడిగారు. వాళ్లు గ్రీకులో ఏదో చెప్పారు. మా అమ్మాయి లోపలికి పరిగెత్తి ఇంగ్లీషులో కేకేసింది. ఎవరడిగింది ఎవరికి వచ్చిందో భగవంతుడికే తెలియాలి. వంట అయిన ప్రతిసారీ పప్పూ కిటికీకి కట్టిన మేకమెడ గంట లాగేవాడు. పూజారి పాన్‌కేకులు మళ్లీ తెమ్మన్నాడు. ‘టు గో’ మనిషి పొద్దున్నే బంగాళాదుంపేమిటని విసుక్కుని, రెండు పళ్లేలు లాగించాడు. యాయా చెల్లెలు నా ఉప్మా మీద పాన్‌కేకుల పాకం పోసుకుని తిని, కళ్లు మూసుకుని, బాగుందని తలూపింది. మా ఆయన నావైపు తిరిగి, “చూడకు, నువ్వు చూడకు,” అన్నారు.

అంతా వెళ్లాక పప్పూ టోపీ తీసి మెట్టు మీద కూచున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఖాళీ పళ్లేల వైపు చూస్తున్నాడు.

“అమ్మా, పప్పూ ఎందుకు ఏడుస్తుంది?”

“ఉల్లిపాయలు,” అన్నాడు పప్పూ. దాని ప్రశ్న ఆయనకి భాష లేకుండానే అర్థమైంది.

మేం వచ్చేశాక కొన్ని ఆదివారాలు ఆయన బల్లలు వేశాడట. మొదట పదిమంది, తరవాత నలుగురు, చలికాలం గాలులు మొదలయ్యాక పూజారి ఒక్కడే. తరవాత ఆపేశాడు. ఫోన్‌లో ఆ సంగతి మామూలుగానే చెప్పాడు. “మనకే కాదమ్మా, వాళ్లకీ పొద్దుటిపూట పాత అలవాటు వదలదు,” అన్నాడు.

తరవాతి వసంతంలో పప్పూ ఒక్కడే మా ఇంటికొచ్చాడు. యాయా రానంది. శాన్ రామన్‌లో మా పై గదిలో ఉన్నాడు. శనివారాలు మా స్నేహితుల కుటుంబాలు వచ్చేవి. ఆయన అందరినీ అడిగి అడిగి గుడ్లు వేశాడు. పిల్లలు ‘అంకుల్’ అనబోతే మా అమ్మాయి దిద్దింది. “నాట్ అంకుల్. పప్పూ,” అంటే వాళ్లు పడీపడీ నవ్వారు. పెద్ద గోదాము లాంటి కొట్టులో బండి తోసుకుంటూ, ఏమీ కొనకుండా, అన్ని వరసలూ తిరిగాడు. డబ్లిన్ వెళ్దామా అంటే మాత్రం, “చూద్దాంలే,” అనేవాడు. నెలన్నర ఉంటానని వచ్చిన మనిషి, ఈస్టర్ దగ్గరపడేసరికి కిటికీలోంచి మాటిమాటికీ చూడటం మొదలుపెట్టాడు. దుంపలు తవ్వే వేళయిందన్నాడు. యాయా ఒక్కత్తే ఉందన్నాడు. టికెట్ ముందుకి మార్పించుకున్నాడు.

ఎయిర్‌పోర్ట్‌కి నేనే దింపడానికి వెళ్లాను. ఫ్రీవే మీద డబ్లిన్ ఎగ్జిట్ వస్తుండగా, “ఇక్కడ ఫ్రీవే దిగు,” అన్నాడు.

వీధిలోకి తిప్పి, వాళ్ల ఇంటికి ఎదురుగా కారు ఆపాను. ఇల్లు బూడిదరంగు వేశారు. ముందున్న గడ్డి తీసేసి గులకరాళ్లు పోశారు.

“దిగుతారా, పప్పూ?”

గడ్డం పైకెగరేశాడు.

ఊరికే కూచున్నాం. లోపలినుంచి ఒక అమ్మాయి, చంకలో పసిపిల్లతో, ఉత్తరాల డబ్బా చూసుకోవడానికి బయటికొచ్చింది. మన దేశపు పిల్లలాగే ఉంది. మమ్మల్ని ఎవరనుకుందో, నవ్వి చెయ్యి ఊపింది. పప్పూ అద్దం దించి చెయ్యి ఊపాడు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లేదాకా ఊపుతూనే ఉన్నాడు.

“తెలుసా మీకు?” అన్నాను.

“తెలియదు. నీకు తెలుసా?”

“తెలియదు.”

“చిన్నపిల్ల. ఇంట్లో ఒక్కత్తే ఉన్నట్టుంది,” అన్నాడు. సీటుబెల్టు సర్దుకున్నాడు. “నీకు దగ్గరే కదా. అప్పుడప్పుడు వచ్చి పలకరించిపో.”

అలాగేనన్నాను. కారు తీశాను.